నలుపు మీద ఒకసారి, తెలుపు మీద ఒకసారి

మొన్న నా ఎడమ కంట్లో సూదిమందు వేశాక, చేతి తొడుగులు తీసేస్తూ డాక్టరు అడిగాడు.

"ఇంత తొందరగా ఎట్లా కనిపెట్టారండీ? మీ వయసువాళ్లు బాగా ముదిరాక గాని రారు. అంతవరకు అద్దాలు మార్చుకుంటూ కూర్చుంటారు."

"మా కంపెనీల సీసాలు చూసే మేడం ఒకామె నేర్పింది సార్" అన్నాను.

"ఆమెకు నా నమస్కారం చెప్పండి."

"చనిపోయింది సార్. పోయిన వానాకాలంల."

ఆయన నా కంటి మీది ప్లాస్టిక్ కప్పు సరిచేసి, తర్వాతి మనిషిని పిలవమని నర్సుకు చెప్పాడు. అక్కడితో ఆయనకు అయిపోయింది. నాకు మాత్రం ఆ జవాబు సరిపోలేదు. సీసాలు చూసే మేడం అంటే ఎవరికి ఏం తెలుస్తుంది? ఇంటికొచ్చి పడుకున్నాను, నిద్ర రాలేదు. లేచి కూర్చున్నాను, కూర్చోలేకపోయాను.

నా కుడికన్ను నడుమభాగం కొన్నేళ్ల కిందటే పోయింది. చదవడం, రాయడం, ఎదుటి మనిషిని గుర్తుపట్టడం అన్నీ ఎడమ కంటితోనే. ఇప్పుడు దానికీ అదే జబ్బు మొదలైంది. నిలుస్తుందో లేదో మరో నెల గడిస్తే గాని చెప్పలేమన్నారు. లాప్‌టాప్ తెరవవద్దన్నారు. రాయవద్దని మాత్రం ఎవరూ అనలేదు, నేను అడగలేదు కాబట్టి. కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు రాసి, వరండాలో అటూ ఇటూ తిరిగి, మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను. మా ఆవిడ ఒకసారి వచ్చి పెన్ను లాక్కొని పోయింది. ఇది ఇంకో పెన్ను.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను డైరీ రాస్తున్నాను. అందులో ఆమె ప్రస్తావన లేని వారం అరుదు. కానీ ఉన్నదంతా "మేడంతో గొడవ", "మేడం మళ్లీ సరుకు వెనక్కి పంపింది", "మేడం వచ్చి వెళ్లింది" అనే. పేరుంది, తేదీ ఉంది, మనిషి లేదు. అందుకే ఇక్కడ పేరు వదిలేసి మనిషిని రాయాలని చూస్తున్నాను.

ఆమెను తలచుకుంటే నాకు మొదట కనిపించేది ముఖం కాదు, కుడిచెయ్యి. ఆ చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి తిరుగుతూ ఉండేది. చాయ్ గ్లాసు అంచు పట్టుకొని సుడి తిప్పి, వెలుతురుకు ఎత్తి చూసి, ఆ తర్వాతే తాగేది. చిట్కుల్ దగ్గర ఫంక్షన్ హాల్లో మావాళ్లెవరిదో పెళ్లి. అందరం భోజనాలకు కూర్చున్నాం. ఆమె నీళ్ల సీసాను మూత తీయకుండానే తలకిందులు చేసి, తిప్పి, ట్యూబులైటుకు ఎదురుగా పట్టింది. ఎదుటి వరుసలో నీళ్లు తాగుతున్న పెద్దాయన మధ్యలోనే ఆగిపోయాడు.

"ఏమన్న ఉన్నదా బిడ్డా?"

"ఏం లేదు, తాగుండ్రి."

"మరి గట్ల జూస్తున్నవేంది?"

"ఏం లేదని తెల్వాలె గద."

ఆయన తన సీసాను మెల్లగా పక్కకు జరిపి, మజ్జిగ తెమ్మని కేకేశాడు.

పటాన్‌చెరులో మాది మందుల కంపెనీ. చిన్న గాజు సీసాల్లో సూదిమందు నింపి పంపేవాళ్లం. నేను స్టోర్స్‌లో ఉండేవాణ్ని. ఆమె, నిండిన సీసాలను కంటితో పరీక్షించే విభాగానికి సూపర్‌వైజరు. ఆ గదిలో ప్రతి బల్ల ముందూ ఒక ట్యూబులైటు, దాని వెనుక సగం నల్ల పలక, సగం తెల్ల పలక ఉండేవి. సీసాను మెడ దగ్గర పట్టుకొని గిర్రున తిప్పాలి. లోపలి మందు ఇంకా సుడి తిరుగుతుండగానే నలుపు ముందు ఒకసారి, తెలుపు ముందు ఒకసారి చూడాలి. తెల్లని నూగు నలుపు మీద దొరుకుతుంది. నల్లని నలుసు తెలుపు మీద దొరుకుతుంది. అనుమానం వస్తే సీసా ఎర్ర ట్రేలోకి పోతుంది.

ఎర్ర ట్రేలో వేసిన సీసాను మళ్లీ తీసి చూడడం ఆమె దగ్గర పెద్ద నేరం. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా జాలిపడి చెయ్యి చాపితే, వెనుక నుంచి కేక వినిపించేది.

"పెట్టు గాడ! రెండోపారి జూస్తే కన్ను జూడదే, మనసు జూస్తది. మనసుకేంది, అన్నిటిని పాస్ జేస్తది."

ఆ గదిలో అందరికీ స్టూళ్లు ఉండేవి. ఆమెకూ ఒకటి ఉండేది, దాని మీద ఆమె చేతిసంచి కూర్చునేది. అక్కడ ఆమె కూర్చోగా నేను చూడలేదు. బల్లల వెనుక ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే ఉండేది. మాట్లాడేటప్పుడు కూడా ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి ఊగేది. ఆమెతో మాట్లాడిన వాళ్లంతా కొంతసేపటికి తామూ ఊగడం మొదలుపెట్టేవాళ్లు. మా మేనేజరు కూడా.

మా ఇద్దరికీ పడేది కాదు. ఖాళీ సీసాల పెట్టెలు నా దగ్గర నుంచి పోయేవి, మందు నిండాక ఆమె వద్దన్నవి నా దగ్గరికే తిరిగి వచ్చేవి. నేను ప్రతి పెట్టెనూ రెండుసార్లు లెక్కపెట్టించి పంపేవాణ్ని. ఆ గర్వం నాకుండేది.

"స్టోర్సన్నా" అనేది ఆమె, నా కిటికీ ముందు ఊగుతూ. "నీ సీసాలు అచ్చం నీ లెక్కనే ఉన్నయి. పైకి ఇస్త్రీ, లోపట దుమ్ము."

"లెక్క సరిగ్గ ఉన్నదా లేదా మేడం?"

"నువ్వు రెండుపార్లు లెక్కపెడ్తవ్. ఒక్కపారి గూడ సూడవ్."

మనుషులను కూడా ఆమె ఆ రెండు పలకల ముందే నిలబెట్టేది. ఎవరింట్లోనైనా పెళ్లి సంబంధం వచ్చిందంటే, "పిల్లగాన్ని నవ్వంగ జూసిన్రు. కోపమొచ్చినప్పుడు జూసిన్రా? తెలుపు మీద జూసి సంబురపడితే అయితదా?" అని అడిగేది. ఆమె భర్త చిట్కుల్ రైతు. నెమ్మది మనిషి. "నన్ను మాత్రం నలుపు మీద సూడలే సార్. గందుకే పాసైన" అని నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు. "నిన్ను కరెంటు లేనప్పుడు జూపిచ్చిన్రు" అనేది.

ఉద్యోగాలు అయిపోయాక ఆమె ఏం చేస్తుందా అని నేను అనుకున్నాను. చూడడానికి సీసాలు లేకపోతే ఆ చెయ్యి ఏమవుతుంది? ఏమీ కాలేదు. పిల్లల చదువులు ఇళ్లలోకి, ఫోన్లలోకి వచ్చిపడిన రోజుల్లో ఆమె ఇంటి పక్కన ఎవరో ఆడపిల్లకు లాప్‌టాప్ కొనడానికి పోతూ ఈమెను తోడు రమ్మన్నారు. ఆ రోజు నుంచి ఇస్నాపూర్, చిట్కుల్, పటాన్‌చెరుల్లో లాప్‌టాప్ కొనేవాళ్లకు ఆమె తప్పలేదు. పిలిచేవాళ్లు కొందరు. పిలవకపోయినా, తెలిస్తే వచ్చేది.

లాప్‌టాప్ లోపల ఏముందో ఆమెకు పట్టదు. ఎంత వేగం, ఎంత జాగా అని దుకాణదారు మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేది. "గవన్ని నీకు ఎర్క. నాకు తెర జూపియ్" అనేది. తెర మీద దుకాణం వాళ్లు ఎప్పుడూ పువ్వులు, జలపాతాలు, రంగురంగుల పక్షులు ఆడించి పెడతారు కదా, అవి చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

"గా పువ్వులు దీసెయ్. పువ్వులు యాడనైన మంచిగనే కనవడ్తయి. మన్ను జూపియ్. దున్నిన మన్ను, ముసలోళ్ల మొఖం, మబ్బు పట్టిన ఆకాశం. గవి మంచిగ కనవడితే అన్ని కనవడ్తయి."

మొదట తెర అంతా నల్లగా పెట్టించేది. దుకాణంలో దీపాలు ఆర్పించి, షట్టరు సగం దింపించేది. నలుపు నిజంగా నలుపుగా ఉందా, బూడిదరంగుకు తిరిగిందా, మూలల నుంచి వెలుతురు కారుతోందా అని చూసేది. తర్వాత తెర అంతా తెల్లగా. పక్కన తన తెల్ల చేతిరుమాలు పెట్టి పోల్చేది. "ఇది పసుపు గొట్టింది. గిది నీలిమందు పెట్టినట్టున్నది" అనేది. ఆ తర్వాత రెండు లాప్‌టాప్‌లను పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే ఫోటో. ఆ ఫోటో ఆమె ఫోన్లోనే ఉండేది, పళ్లెంలో పసుపు, కుంకుమ, పక్కన వక్కలు. కుంకుమ ఒకదానిలో కుంకుమలాగా, ఇంకొకదానిలో కారంపొడిలాగా కనిపించేది. ఎదురుగా చూశాక పక్కకు జరిగి, వంగి, ఆ పైన నిలబడి చూసేది. పక్క నుంచి చూస్తే మనిషి ముఖం నల్లబడితే ఆ లాప్‌టాప్ పని అయిపోయినట్టే. చివరికి చిన్న తెలుగు అక్షరాల పేజీ తెరిపించి, ఒత్తులు, దీర్ఘాలు విడివిడిగా కనిపిస్తున్నాయా లేక కలిసి ముద్దయ్యాయా అని చూసేది. అప్పటికీ అనుమానం తీరకపోతే లాప్‌టాప్‌ను చంకన పెట్టుకొని రోడ్డు మీద ఎండలోకి నడిచేది. దుకాణంవాడు వెనుక పరుగెత్తేవాడు.

పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీది దుకాణం యువకుడు ఆమెను చూడగానే రెండు చేతులూ ఎత్తేవాడు.

"ఆయియే మేడం! ఇయాల ఎన్ని ఖరాబ్ జేస్తరు?"

"నేను జేస్తనా బేటా? ఉన్నయి జూపిస్త."

"అల్లా కసం మేడం, మీరు జూడకముందు అన్ని మంచిగనే ఉంటయి."

ఆమె పొరపాట్లు కూడా చేసేది, అది రాయకపోతే న్యాయం కాదు. మా కాలనీలో ఒక బ్యాంకు ఉద్యోగి కూతురికి అన్నీ కుదిరిన లాప్‌టాప్ దొరికింది. ఆమె తెల్ల తెర మీద ఒక నల్లచుక్క పట్టింది. "రిజెక్ట్" అంది. దుకాణంవాడు వచ్చి చొక్కా కొసతో తుడిచాడు. చుక్క పోయింది. ఈగ వాలిన గుర్తు. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఊగుతూ, "డౌట్ వచ్చినంక అయిపోయింది. నడువుండ్రి" అంది. ఆ కుటుంబం ఆమె వెంట ఖాళీ చేతులతో బయటికి వచ్చి, సాయంత్రం మళ్లీ వెళ్లి అదే లాప్‌టాప్ కొనుక్కుంది. ఆ తర్వాత చాలాకాలం ఆమె వాళ్లింటి గేటు తీసిన చప్పుడైతే చాలు, ఆ పిల్ల లాప్‌టాప్‌ను దిండు కింద దాచేది.

ఇప్పుడు నా సంగతి. వరండాలో తిరిగి వచ్చాను. అక్షరాలు కొంచెం వంకరగా పడుతున్నాయి, అది కన్నో, చెయ్యో తెలియడం లేదు.

కొన్నేళ్ల కిందట డైరీలో నా రాత నన్నే ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది. మాట మధ్యలో అక్షరం మాయమయ్యేది. గీతల పుస్తకంలో గీత నడుమ కుంగినట్టుండేది. నేను పద్ధతి ప్రకారమే పోయాను. మొదట పెన్ను మార్చాను. తర్వాత పుస్తకం మార్చాను, ఈ కంపెనీవాళ్లు గీతలు సరిగ్గా అచ్చువేయడం లేదని. తర్వాత బల్లదీపం మార్చాను. కళ్లజోడు కూడా మార్చాను. ఇక చేతిరాత కాలం అయిపోయిందనుకొని, పెద్ద అక్షరాలతో టైపు చేసుకోవడానికి లాప్‌టాప్ కొనాలని నిశ్చయించుకున్నాను. మేడంకు ఫోన్ చేశాను.

"ఆఖరికి నువ్వు గూడ చూడనీకి తయారైనవా అన్నా!" అంది సంతోషంగా.

మొదట ఇస్నాపూర్‌లో పాత లాప్‌టాప్‌ల దుకాణానికి తీసుకెళ్లింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లు కిరాయి గదుల నుంచి వచ్చి కొనుక్కునే చోటు. ఆమె నలుపు, తెలుపు అయ్యాక అక్షరాల పేజీ పెట్టించింది. నేను వంగి చూసి, "నడుమ వరుస కుంగింది" అన్నాను.

"భేష్!" అంది. "నాకు కనవడలే. నీకు కన్నొచ్చింది అన్నా."

తర్వాత ఒకరోజు సంగారెడ్డి వెళ్లాం. అక్కడ కొత్తవి. వాటిలోనూ నడుమ కుంగింది. ఈసారి ఆమె భేష్ అనలేదు. తిరుగు బస్సులో నా సీటు పక్కన కడ్డీ పట్టుకొని నిలబడి, సీటున్నా కూర్చోకుండా, నా ముఖం వైపు పదేపదే చూసింది.

"కొనబుద్ధి గాక సాకులు జెప్తున్నవా అన్నా?"

"సాకెందుకు చెల్లె? కనవడ్డది చెప్పిన."

"నాకు కనవడకుండ నీకు కనవడుడేంది?" అంది. కోపంగానే అంది.

మూడోది పటాన్‌చెరు దుకాణం. ఆ యువకుడు చేతులెత్తి నమస్కారం పెట్టి, తనే దీపాలు ఆర్పబోయాడు. "ఉండనీ బేటా. ఎక్సెల్ తెరువు. ఖాళీది" అంది ఆమె.

తెర నిండా గళ్లు పరుచుకున్నాయి. స్టోర్స్‌లో ఏళ్ల తరబడి చూసిన గళ్లు. నేను చూశాను. నడుమ గళ్లు ఎవరో వేలితో నొక్కినట్టు లోపలికి పోయాయి.

"కుంగింది" అన్నాను.

"ఏడ? వేలు పెట్టు."

పెట్టాను.

"ఇగ గీ మూలకు జూడు. ఈ మూల గళ్లెట్లున్నయి?"

మూలకు చూపు తిప్పాను. ఇంతకుముందు తిన్నగా ఉన్న మూల గళ్లు ఇప్పుడు కుంగాయి. నడుమ మాత్రం తిన్నగా అయినట్టుంది.

"ఇక్కడ గూడ కుంగింది."

ఆమె లాప్‌టాప్‌ను తలకిందులు చేసింది. సీసాను తిప్పినట్టే, ఒక్క విసురున. "ఇప్పుడు?"

"ఇప్పుడు... నేను చూసిన కాడనే."

ఆమె ఊగడం ఆపేసింది. అంతకుముందు ఎన్నడూ ఆమెను కదలకుండా చూడలేదు కాబట్టి నాకు భయం వేసింది. దుకాణంవాడు ఏదో అనబోతే చేత్తో ఆపింది.

"గా డాగు లాప్‌టాప్‌ల లేదన్నా" అంది మెల్లగా. "సీసాల ఉంటే సీసతోని తిరుగుతది. ఇది నీ చూపు ఎంబడి వస్తున్నది."

నా కళ్లజోడు తీసి తన కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. తర్వాత అరచేతితో నా ఎడమకన్ను మూసింది. "గా ఎదురుంగ షట్టర్ జూడు. పట్టీలు సీదా ఉన్నయా?"

రోడ్డుకు అటువైపు మూసి ఉన్న షట్టరు. దాని అడ్డపట్టీలన్నీ నడుమ ఒక గుంటలోకి జారిపోతున్నాయి. ఆ గుంట మధ్యలో పొగలాంటి మచ్చ. అరచెయ్యి తీసి కుడికన్ను మూసింది. పట్టీలన్నీ తిన్నగా నిలబడ్డాయి. పెన్ను, పుస్తకం, దీపం, అద్దాలు, అన్నీ మార్చాను కానీ ఒక్కసారైనా ఒక కన్ను మూసుకొని చూడలేదు. అది ఎవరికి మాత్రం తోస్తుంది?

"రేపు దవాఖానకు పోత" అన్నాను. 

"రేపెందుకు?"

"పాత చీటీలు ఇంట్ల ఉన్నయి. మా ఆమెకు చెప్పాలె. నంబరు తీసుకొని, పొద్దుగాల..."

"ఫోన్ల చెప్పు. చీటీలు గుడ్డికి పనికొస్తయా?"

"గుడ్డి అంటవేంది! జెర ఆలోచన చెయ్యనీ. ఇంటికి పోయి ఒకపారి నిమ్మళంగ చూసుకుంట."

"గదే వద్దు!" అని అరిచింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. "ఇంటికి పోతవ్, ముఖం కడుగుతవ్, చాయ్ తాగుతవ్, మళ్ల సూస్తవ్. కొంచెం మంచిగనే ఉన్నదనుకుంటవ్. నీ గురించి నాకు ఎర్క లేదా? నడువ్."

నేను కదల్లేదు. ఆమె చేతిసంచితో నా గుండెల మీద నెట్టి నన్ను మెట్లు దింపింది. దుకాణంవాడు అప్పటికే ఆటో ఆపాడు. "పోండి అన్నా, లాప్‌టాప్ యాడికి పోదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

నగరం దాకా ఆమె, ఆటోలో నిలబడడానికి వీల్లేదు కాబట్టి సీటు కొసన, ముందుకు వంగి, డ్రైవరు భుజం మీద వేళ్లతో కొడుతూ వచ్చింది. అతను నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసి, ఇక మానేశాడు.

కంటి వెనుక పొరలో రక్తనాళం కారుతోందన్నారు ఆసుపత్రిలో. అప్పటికే మచ్చ కట్టింది, కుడికన్ను నడుమ చూపు పూర్తిగా తిరిగి రాదు, ఉన్నది నిలుపుతామన్నారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే అదీ ఉండేది కాదట. ఎడమ కంటికి కూడా ఏదో ఒకరోజు రావచ్చు, రోజూ ఒక్కో కన్ను మూసుకొని గళ్లు చూసుకోండి, ఒక్క గీత వంగినా ఆగకుండా రండి అన్నారు. నాకు ఆ మాటల్లో సగం వినబడలేదు. ఆమె విన్నది.

ఆ మర్నాటి నుంచి పొద్దున ఫోన్ వచ్చేది. పలకరింపు లేదు.

"ఎడమ?"

"సీదా ఉన్నది."

"కుడి?"

"ఎప్పటి లెక్కనే."

ఫోన్ పెట్టేసేది. మా ఆవిడకు మొదట్లో ఇది నచ్చలేదు. "నేను అడిగితే ఊఁ అంటవ్. ఆమె అడిగితే కన్ను మూసుకొని నిలబడ్తవ్" అని దెప్పేది. తర్వాత తర్వాత ఫోన్ ఆలస్యమైతే ఆమే, "ఏందీ, మేడం ఇంకా చెయ్యలే?" అని అడిగేది.

సూదిమందులు అయ్యాక లాప్‌టాప్ కూడా కొన్నాం, అదే దుకాణంలో. ఆమె యథాప్రకారం అన్నీ చేసింది. నల్ల తెర మీద కింది మూల నుంచి సన్నగా వెలుతురు కారుతోందని పట్టింది. నేనూ, దుకాణంవాడూ ఆమె నోటి వైపు చూస్తూ నిలబడ్డాం.

"రిజెక్టా?" అన్నాను.

"నీ కుడి కంటికంటె నయమే. తీస్కో" అంది.

దుకాణంవాడు అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

పోయిన వానాకాలంలో ఆమెను పటాన్‌చెరులో ఒక నర్సింగ్ హోంలో చేర్చారని తెలిసి వెళ్లాను. గుండె బలహీనపడిందన్నారు. నేను వెళ్లేసరికి పడుకొని ఉంది. ఆమెను పడుకొని ఉండగా చూడడం చాలా తప్పుగా అనిపించింది. చేతికి సెలైను. ఆ చేతిని కదిలించవద్దన్నందుకేమో, కాలివేళ్లు దుప్పటి కింద కదులుతూనే ఉన్నాయి. కళ్లు మాత్రం పైన వేలాడుతున్న సీసా మీద ఉన్నాయి.

"అన్నా, తెల్లంగి ఏసుకొచ్చినవ్. మంచిగైంది. జెర సీసా ఎన్క నిలబడు."

నిలబడ్డాను.

"జెర పక్కకు. ఆఁ. ఇగ గా గొడుగు తెరిచి పట్టు."

వానకు తెచ్చుకున్న నల్లగొడుగు. ఆసుపత్రి గదిలో గొడుగు తెరిచి, సెలైను సీసా వెనుక పట్టుకొని నిలబడ్డాను. గొడుగు నుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి. భర్త ఆ మూల స్టూలు మీద కూర్చొని తల దించుకున్నాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. అంతలో నర్సు వచ్చింది.

"ఏంది పెద్దాయనా గిది? లోపట గొడుగేంది?"

"ఉండమ్మా" అంది మేడం పడుకున్న చోటి నుంచే. "సీసా జెర తిప్పు."

"ఎందుకు?"

"తిప్పు. చెప్త."

నర్సు విసుక్కుంటూనే సీసాను తిప్పింది. మేడం చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఆ గదిలో మేమందరం ఉన్నామన్న సంగతే ఆమెకు లేదు.

"పాస్" అంది. కాలివేళ్లు ఆగాయి.

వెళ్లేటప్పుడు "ఎడమ?" అని అడిగింది. సీదా ఉన్నదన్నాను. ఆ వారంలోనే పోయింది.

ఫోన్ రావడం ఆగిపోయాక కూడా నేను గళ్లు చూసుకోవడం మానలేదు. లాప్‌టాప్ తెరవగానే ముందు ఖాళీ ఎక్సెల్, ఆ తర్వాతే మిగతా పని. మొన్న పొద్దున కుడికన్ను మూసి ఎడమతో చూస్తే, కింది వరుసలో ఒక గడి నొక్కుకుపోయినట్టుంది. ఒక్కటే గడి. చూపు పక్కకు జరపబోయి ఆగిపోయాను. జరిపితే తేలిపోతుంది. కిటికీ ఊచలు ఎదురుగానే ఉన్నాయి, వాటిని చూసినా తేలిపోతుంది. లాప్‌టాప్ మూసేసి చొక్కా వేసుకున్నాను.

మా ఆవిడ వంటింట్లో నుంచి వచ్చింది. చెప్పాను. ఆమె ముఖం తెల్లబోయింది.

"ఇప్పుడే లేచినవ్ గద. ముఖం కడుక్కొని మళ్లొకసారి సూడు."

"చూడ."

"గా లాప్‌టాపే పాతదైందేమో! మూలకు ఖరాబున్నదని మేడమే అన్నది గద. ముందుగాల షాపుకు పోదాం. కొత్త దాంట్ల సూడు. గాడ గూడ వంకరుంటే అప్పుడు పోదాం దవాఖానకు."

ఆమె చెప్పింది సబబుగానే ఉంది. నా బుర్రలో కూడా సరిగ్గా అదే తిరుగుతోంది. కంట్లో సూది అంటే ఎవరికి ఇష్టం? ఒక్క తెర పోల్చి చూస్తే నష్టమేముంది? దారిలోనే కదా దుకాణం. జవాబు చెప్పకుండా ఆటో ఎక్కాను. ఆమె తాళం వేసి, పక్కన కూర్చొని, నా మోచెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆమె చెయ్యి.

పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్ ఆగింది. ఆటో సరిగ్గా దుకాణం ముందే నిలిచింది. అద్దాల వెనుక తెరలన్నీ వరుసగా వెలుగుతున్నాయి. ఆ వెలుగు నా ఎడమ చెంప మీద పడుతున్నట్టే ఉంది.

"బాబూ, జెర పక్కకు ఆపు" అంది మా ఆవిడ డ్రైవరుతో. "ఐదు నిమిషాలు."

"ఆపకు" అన్నాను. "సీదా పోనియ్యి."

"ఒక్కపారి సూస్తే ఏమైతది? దిగకు, గీడ నుంచే సూడు."

నేను తల కుడివైపు తిప్పుకొని కూర్చున్నాను. అటు లారీలు తప్ప ఏమీ లేవు. ట్రాఫిక్ ఎంతకీ కదలడం లేదు. మెడ నొప్పి పుట్టింది. అయినా ఇటు తిరగలేదు. మా ఆవిడ నా మోచెయ్యి వదిలి, ముందుకు వంగి, డ్రైవరును అడిగింది.

"ఇంక జల్దీ పోయే తొవ్వ లేదా బాబూ?"